శివుడికి అమ్మ లేదని ఏడ్చిన తల్లి: వేసవి శిబిరానికి సేవకు వెళ్లేవాళ్ల కోసం

 

పరీక్షలు అయిపోయాయి. ఊళ్లల్లో పిల్లలకు వేసవి సంస్కార శిబిరాలు మొదలయ్యే రోజులివి. శ్లోకాలు, భజనలు, కథలు, యోగాసనాలు, సాయంత్రం ఆటలు. సిటీలో చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో ఉన్న మీలాంటివాళ్లను "ఓ పది రోజులు సేవకు రండి" అని పిలుస్తారు. హైదరాబాద్ నుంచి జనగామ, మహబూబాబాద్ అయితే రైలెక్కి దిగిపోవచ్చు. భూపాలపల్లికి ఆ వీలు లేదు, వరంగల్ వెళ్లి బస్సు పట్టుకోవాలి. పైగా మే నెల ఎండ. వెళ్దామా, వద్దా అని మనసు ఊగుతుంది.

నిజం చెప్పండి. మనల్ని ఆపేది ఎండేనా? ఏసీ లేని గదేనా? వాటికి రెండు రోజుల్లో అలవాటుపడిపోతాం. అసలు భయం వేరే ఉంది. "నలభై మంది పిల్లల ముందు పాడితే నవ్వుతారేమో. కథ మధ్యలో మర్చిపోతే ఎట్లా? నాకే సరిగ్గా రాదు, నేనేం నేర్పుతాను?" ఇందులో ప్రతి మాటా ‘నేను’ చుట్టే తిరుగుతోంది, గమనించారా? మనం కంఫర్ట్ జోన్ అని ముద్దుగా పిలుచుకునేది ఆ ‘నేను’ కూర్చున్న పీటనే. శిబిరంలో మనం ముందు ఖాళీ చేయాల్సింది దాన్నే.

ఎలా ఖాళీ చేయాలో చూపించిన మహానుభావుడిది జనగామ జిల్లానే. పాలకుర్తిలో కొండమీద సోమేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. ఆ ఊరి పేరే ఇంటిపేరైన కవి పాల్కురికి సోమనాథుడు. కాకతీయుల కాలం వాడు. సంస్కృతం, కన్నడం కూడా బాగా తెలిసిన పండితుడు. పండితులు మెచ్చే సంస్కృత వృత్తాల్లోనే రాసుకుంటూ హాయిగా ఉండిపోవచ్చు. కానీ బసవ పురాణాన్ని ద్విపదలో, మామూలు జనం కూర్చుని పాడుకోగలిగే జాను తెనుగులో చెప్పాడు. తనకు సులువైన చోటు నుంచి వినేవాళ్లకు సులువైన చోటికి దిగి వచ్చాడు. శిబిరంలో మన పని కూడా అంతే. మనకు వచ్చిన పది శ్లోకాలు అప్పజెప్పి రావడం కన్నా, ఒక్క శ్లోకం పిల్లవాడి నోట్లో, వాడి యాసలో నిలిచేలా చేయడం గొప్ప.

ఆ బసవ పురాణంలోనే బెజ్జ మహాదేవి కథ ఉంది. ఆమెకు ఒకరోజు ఒక దిగులు పట్టుకుంది. "అందరికీ అమ్మ ఉంది, శివయ్యకే లేదు. అమ్మే ఉంటే విషం తాగనిచ్చేదా? పాముల్ని మెడలో వేసుకోనిచ్చేదా? శ్మశానంలో తిరగనిచ్చేదా?" అని ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు, తనే తల్లి అయింది. స్వామి పసిబిడ్డ అయితే నూనె రాసింది, నీళ్లు పోసింది, పాలు పట్టింది. జగత్తుకే తండ్రి అయినవాడికి నేను తల్లినేమిటి, నాకేం అర్హత ఉంది అని ఆమె లెక్కలు వేసుకోలేదు. ఎదుటివాడికి అమ్మ లేదన్న బాధ ముందు, తన అర్హత గురించిన ఆలోచనకే చోటు దొరకలేదు.

శిబిరంలో మొదటి రాత్రి మీకు ఈ కథ గుర్తు రావాలి. పగలంతా గంతులేసిన పాప, లైట్లు ఆర్పగానే "అక్కా, ఇంటికి పోత" అని వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఇంట్లో ఇప్పటికీ అమ్మ కంచం ముందు పెడితే తినే మీరు, ఆ క్షణంలో ఆ పాపకు అమ్మ కావాలి. మీ గొంతు బాగుందో లేదో ఆ పాపకు అక్కర్లేదు. పక్కన కూర్చుని తల నిమిరే చెయ్యి కావాలి. మర్నాడు పిల్లలందరికీ వడ్డించి చివర్లో మీరు తిన్నప్పుడు, మహానైవేద్యం తర్వాత ప్రసాదం అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇక మహబూబాబాద్ వైపు వెళ్తే లంబాడీ తండాల పిల్లలు కలుస్తారు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. "అక్కా, దేవునికి మా భాష వస్తదా?" అని ఎవరైనా అడిగారనుకోండి. వస్తుందని చెప్పి వదిలేయకండి. "మీ తండాలో సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ ఎట్లా పెడతారో నాకు చెప్తావా?" అని అడగండి. ఆ గంటసేపు వాళ్లు గురువులు, మీరు శిష్యులు. ఆ పిల్లకు జవాబు అందులోనే దొరికిపోతుంది.

భూపాలపల్లి జిల్లాలో సేవ పడితే కాళేశ్వరం వెళ్లి రండి. గోదావరి, ప్రాణహిత కలిసేచోటు, అంతర్వాహినిగా సరస్వతి ఉన్నదని పెద్దలు చెప్పే చోటు. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడిది, అంటే యముడిది. రెండోది ముక్తీశ్వరుడిది. ముందు కాలుడికి పూజ చేసి, తర్వాతే ముక్తీశ్వరుడికి చేయడం ఆనవాయితీ. నాకు ఇందులో ఒక పాఠం కనిపిస్తుంది. భయాన్ని తప్పించుకుని పక్కదారిలో ముక్తి దగ్గరికి పోలేం. దానికి ఎదురుగా నిలబడి, దణ్ణం పెట్టి, ముందుకు వెళ్లాలి.

ఒక్క జాగ్రత్త. శరీరాన్ని ఊరికే హింసించే తపస్సును గీత 17వ అధ్యాయంలో భగవానుడు మెచ్చుకోలేదు. కష్టం మీరు పడండి, పిల్లల్ని పెట్టకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో వాళ్లతో ఆటలు వద్దు. నీళ్లు తాగారో లేదో చూడండి. తెలియనిది పెద్దవాళ్లను అడగండి. "నాకు తెలియదు, కనుక్కుని చెప్తా" అని పిల్లల ముందు అనగలగడం కూడా సాధనే.

బయల్దేరే ముందు బ్యాగులో ఏమేం సర్దుకోవాలో అందరూ చెప్తారు. నేను ఒక్క ప్రార్థన ఇస్తాను. "స్వామీ, ఈ పది రోజులు నా గురించి ఆలోచించే తీరిక నాకు ఇవ్వకు." ఇది రోజూ పొద్దున లేవగానే అనుకోండి. తిరిగొచ్చాక మీ గది, మీ మంచం, మీ ఫోన్ అన్నీ అలాగే ఉంటాయి. వాటి మధ్యకు వచ్చే మీరు మాత్రం, ఎవరో ఒక పాపకు పది రోజులు అమ్మ అయినవాళ్లు.

శుభం భూయాత్.