ఆరో వాటా

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌ను హెచ్‌ఎండీఏ వేలం వేసినప్పుడు ఒక ప్లాటు దగ్గర పాట ఎకరానికి 100 కోట్ల 75 లక్షల దాకా వెళ్లింది. ఎకరమంటే 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల ఎనిమిది వేల పైమాటే. మనిషి కాళ్లు చాపుకుని పడుకోవాలంటే రెండు గజాల జాగా కావాలి. గోడా కప్పూ లేకుండా, వట్టి నేల మీద వెల్లకిలా పడుకోవడానికే నాలుగు లక్షలన్నమాట.

ఈ ధరను పెంచిందెవరు? కడీలు పాతి, ముళ్లతీగ చుట్టి, ‘ఈ స్థలం ఫలానా వారిది, అతిక్రమించినవారు శిక్షార్హులు’ అని బోర్డు పెట్టినాయన మాత్రం కాదు. ఆయన చేసిందల్లా ఓపిక పట్టడం. నేల అదే నేల. మారిందంతా దాని చుట్టూనే. ప్రభుత్వం 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేసింది. కృష్ణ నుంచీ, గోదావరి మీది ఎల్లంపల్లి నుంచీ నగరానికి పైపుల్లో నీళ్లు తెచ్చింది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా డిగ్రీ చేతబట్టుకున్న పిల్లలంతా గచ్చిబౌలి బస్సెక్కారు. ఒడిశా నుంచీ బిహార్ నుంచీ పాలమూరు నుంచీ వచ్చినవాళ్లు సెంట్రింగ్ కట్టారు, స్లాబులు పోశారు. ఇంతమంది కలిసి పెంచిన విలువ పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో పడింది. అమెరికా రచయిత హెన్రీ జార్జ్ 1879లోనే ఈ తిరకాసును పట్టుకున్నాడు. మనిషి తన కష్టంతో కట్టుకున్నది అతనిదే, జనం రావడంతో నేలకు పెరిగిన విలువ మాత్రం జనానిదేనని వాదించి, దాని మీద పన్ను వేయమన్నాడు. ఆయన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. పన్ను సంగతి వేరే కథ.

మతాల దగ్గరికెళ్తే నేల ఎవరిదన్న విషయంలో పెద్ద తగాదా కనబడదు. ఈ కదిలే జగత్తంతా ఈశ్వరుడు నిండినదేనని, విడిచిపెట్టి అనుభవించమని, ఇంకొకరి సొమ్ముకు ఆశపడొద్దని ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమే చెబుతుంది. ఆకాశాలూ భూమీ అల్లాహ్‌వేనని ఖురాన్ పదే పదే చెబుతుంది. బైబిల్ లేవీయకాండం 25వ అధ్యాయం ఇంకో అడుగు ముందుకేసి చట్టమే చేసింది: భూమి దేవుడిది, మీరు దాని మీద పరదేశులు, కనుక శాశ్వతంగా అమ్మకూడదు. అమ్ముకున్న పొలం యాభయ్యో ఏట సొంత కుటుంబానికి తిరిగి రావాలి.

అదే అధ్యాయంలో ఒక మినహాయింపు ఉంది. ప్రసంగాల్లో అది పెద్దగా వినబడదు. ప్రాకారం ఉన్న పట్టణంలో ఇల్లు అమ్మితే ఏడాదిలోపే విడిపించుకోవాలి. గడువు దాటితే అది తరతరాలకూ కొన్నవాడిదే, యాభయ్యో ఏడు వచ్చినా వెనక్కి రాదు. పొలానికి ఒక ధర్మం, పట్నానికి ఇంకొకటి. ధర్మశాస్త్రం సైతం నగర ప్రాకారం దగ్గరికొచ్చేసరికి రియల్ ఎస్టేటుకు దారి ఇచ్చిందని అనుకోవాలి. పొలం బతుకుదెరువు, ఇల్లు సరుకు అన్న లెక్క కావచ్చు. పొలాలే ఎకరాల లెక్కన నగరమైపోయిన కోకాపేటలో ఆ లెక్క ఎలా నిలుస్తుందన్నదే ప్రశ్న.

హైదరాబాదు అంచున ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరికిన సందర్భం ఉంది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. ఇప్పుడు ఆరాంఘర్ ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లకు ఆ చుట్టుపక్కల ప్రాంతం బాగా తెలుసు. వినోబా భావే దానికి వార్ధా వైపు నుంచి నడిచే వచ్చారు. సమ్మేళనం అయ్యాక తెలంగాణ పల్లెల్లోకి నడిచారు. అక్కడ కమ్యూనిస్టుల సాయుధ పోరాటం ఇంకా పూర్తిగా చల్లారలేదు, పోలీసు క్యాంపులు ఎత్తేయలేదు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై దళిత కుటుంబాలు ఆయన చుట్టూ చేరి ఎనభై ఎకరాలుంటే బతుకుతామన్నాయి. సర్కారుకు అర్జీ పెడదామన్న ఆలోచన మొదట వచ్చింది. తర్వాత, ఊళ్లోవాళ్లే ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా సభలోనే అడిగేశారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటే ఇరవై ఎక్కువ.

తర్వాత వినోబా ఊరూరా అడిగింది ఆరో వాటా. నీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా లెక్కేసుకో, నా వంతు ఇచ్చెయ్ అనేవారు. ఆరో వంతు మన ధర్మశాస్త్రాల్లో పాత లెక్కే, పంటలో రాజు తీసుకునే భాగం. రక్షణకు బదులుగా రాజు తీసుకున్న భాగాన్ని వినోబా భూమి లేనివాడి హక్కుగా మార్చారు, అదీ బిచ్చంగా కాదు, వారసత్వంగా. బిచ్చగాడికి వద్దని చెప్పొచ్చు, కొడుక్కి చెప్పలేం.

అలా మొదలైన ఈ భూదాన ఉద్యమాన్ని పూజించాల్సిన పనేమీ లేదు. రాళ్లగుట్టలూ కోర్టు తగాదాల్లో ఉన్న చెలకలూ ఇచ్చి దాతలైనవాళ్లున్నారు. దేశం మొత్తం మీద అయిదు కోట్ల ఎకరాలు లక్ష్యమనుకుంటే అందులో పదో వంతు కూడా రాలేదు. పోరాటం మీద నీళ్లు చల్లడానికి వచ్చిన ఉద్యమమని కమ్యూనిస్టులు అన్నారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. విజయవాడ హైవే దిగి పోచంపల్లి వైపు తిరిగితే ఇప్పుడు వెంచర్ల కమాన్లు స్వాగతం చెబుతాయి. అయినా ఆ ఆరో వాటా లెక్కను కొట్టిపారేయడం కష్టం. నీకు ఆస్తి ఉండకూడదని అది అనలేదు. ఆస్తి ఉన్న ఇంట్లో ఇంకొకడు కూడా పుట్టాడనుకోమంది.

ఇవాళ్టి వాటా ఎంత? తెలంగాణలో ప్లాటు రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం. అదీ సర్కారు విలువ మీదే. బజారు ధరకూ దానికీ మధ్య తేడా ఎలా చేతులు మారుతుందో అందరికీ తెలిసిందే. ఏళ్ల తర్వాత అమ్మితే లాభంలో పన్నెండున్నర శాతం కేంద్రం తీసుకుంటుంది, ఎనిమిదో వంతు. ఆ డబ్బును నిబంధనల ప్రకారం ఇంకో ఇంట్లో పెడితే పది కోట్ల వరకు ఆ పన్ను కూడా తప్పించుకోవచ్చు. ఇల్లు లేనివాడి పేర రావాల్సిన వాటా తిరిగి తిరిగి ఉన్నవాడికి రెండో ఇల్లుగా మారుతుంది.

దేవుడి పేర రాసేస్తే నేల భద్రంగా ఉంటుందనుకున్నవాళ్లూ ఉన్నారు. చట్టం దృష్టిలో గుడిలోని దేవుడికి ఆస్తి ఉంటుంది, కానీ ఆయన ఎప్పటికీ మైనరే, సంరక్షకుడు లేకుండా సంతకం పెట్టలేడు. వక్ఫ్ చేసిన ఆస్తిని అమ్మడానికి వీల్లేదు. మణికొండ జాగీర్‌లో 1,654 ఎకరాల 32 గుంటలు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫ్ అని వక్ఫ్ బోర్డు 2006లో సవరణ నోటిఫికేషన్ ఇచ్చింది. 1989 గెజెట్‌లో ఉన్నది 5,506 గజాలే. అప్పటికే ఆ ఎకరాల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలూ బిజినెస్ స్కూలూ వచ్చేశాయి. హైకోర్టు 2012లో బోర్డు వైపు తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 7న దాన్ని కొట్టేసి, జాగీర్ల రద్దుతో ఆ భూమి ప్రభుత్వానికే చెందిందని తేల్చింది. న్యాయం ఎటున్నా, పదహారేళ్ల వాదనలో నేల ఎవరి పేరన్న చర్చే సాగింది. అక్కడ కూలి చేసి, గది అద్దెకు తీసుకుని బతికేవాళ్ల వాటా గురించి అడగడానికి ఆ కేసులో చోటే లేదు.

అద్దెవాళ్ల వాటా ఎంతో తెలిసేది ఇంట్లో చావు జరిగినప్పుడు. ఆసుపత్రిలో ప్రాణం పోతుంది. అంబులెన్సు బయల్దేరకముందే ఇంటి ఓనరు నుంచి ఫోను, శవాన్ని ఇంటికి తేవద్దని. గేటు అవతల రోడ్డు పక్కన షామియానా వేస్తారు, కింద ఫ్రీజర్ బాక్సు, పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. స్నానం చేయించడానికి నీళ్లు పక్కింటివాళ్ల బోరు నుంచి బకెట్లలో వస్తాయి. ఏళ్ల తరబడి ఒకటో తారీకునే అద్దె కట్టిన కుటుంబం దినకర్మలకు ఊరికి పోతుంది, లేదంటే అద్దె తక్కువున్న హాలు వెతుక్కుంటుంది. తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఇలాంటి వార్తలు కొత్త కాదు.

ఓనరును రాక్షసుడనడం తేలిక. ఆయన భయాలు ఆయనవి. ఇంట్లో శవం లేచిందంటే మళ్లీ అద్దెకు ఎవరూ రారంటాడు. ధనిష్ఠా పంచకాల్లో పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలని పంచాంగంలో ఉందంటాడు. బ్యాంకు ఈఎంఐ మాత్రం ఏ నక్షత్రంలోనూ ఆగదు. కానీ శాస్త్రాన్ని ముందు పెట్టినవాడితో శాస్త్రమే మాట్లాడొచ్చు. ఆశౌచం ప్రధానంగా చనిపోయినవారి జ్ఞాతులకు. ఇంటికైతే పుణ్యాహవాచనమనే శుద్ధి ఉంది. గృహప్రవేశం నాడు పురోహితుడు మామిడాకుతో నీళ్లు చల్లి చేసిందదే. చావు వచ్చిన ఇంటివాళ్లను వీధిలో కూర్చోబెట్టమని శాస్త్రం చెప్పలేదు.

లేఅవుట్‌లో కొంత భాగం ఖాళీ స్థలంగా వదలాలన్న నిబంధన మనకు ఉండనే ఉంది. తరచూ కబ్జా అయ్యేదీ అదే. గేటెడ్ కమ్యూనిటీ బ్రోషర్లలో క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, కుక్కలకు పార్కు కనబడతాయి. శవాన్ని ఒక పూట ఉంచే గది, కుళాయి, కర్మ చేసుకునే చిన్న అరుగు కనబడటం అరుదు. కట్టాలంటే పెద్ద ఖర్చేమీ కాదు, మెయింటెనెన్స్ డబ్బుల్లోనే సర్దుకుపోతుంది. ఫ్లాటు కొన్నవాళ్లూ, అద్దెకున్నవాళ్లూ, సెల్లారులో కాపురముండే వాచ్‌మన్ కుటుంబమూ అందరూ వాడుకునేలా కట్టొచ్చు. అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగులో ఈ మాట ఎత్తాల్సింది మాత్రం ఓనర్లలో ఒకరు. అద్దెకున్నవాళ్లకు అక్కడ సాధారణంగా ఓటుండదు.