మొక్కు పెద్దలది, తల పసివానిది

తిరుమల కల్యాణకట్టయందు రాత్రింబవళ్ళు గోవిందనామము వినిపించుచుండును. కుళాయిల చప్పుడు, తడిసిన నేల, వరుసలుగా కూర్చున్న యాత్రికులు, వారి యెదుట కత్తి పట్టిన క్షురకులు. అచ్చటికి వచ్చువారిలో అధికులు సంతోషముతో తల వంచుదురు. గుండు చేయించుకొని లేచి, అరచేతితో తల నిమురుకొని, ఒకరినొకరు చూచి నవ్వుకొందురు. ఆ నవ్వు చూడదగినది. కలిమి, హోదా, యౌవనగర్వము జుట్టుతోపాటు క్రిందికి రాలిపోయినట్లుండును.

ఆ వరుసలలోనే అప్పుడప్పుడు ఒక పసివాని కేక వినిపించును. వానికి మూడేండ్లో అయిదేండ్లో ఉండును. తండ్రి చేతులు పట్టును, మేనమామ కాళ్ళు పట్టును, తల్లి తల కదలకుండ అదిమిపట్టును. వాడు ఊపిరాడనివానివలె కొట్టుకొనును. చుట్టునున్నవారు తలకొక మాట అందురు. గారాబము చేసి చెడగొట్టినారని ఒకరు. స్వామి సన్నిధికి వచ్చి ఇంత ఏడ్పా, మొక్కులో ఏదో లోపమున్నదని మరొకరు. తల్లికి ముఖమెత్త బుద్ధి పుట్టదు. మొత్తముమీద మొక్కు తీరును. కాని ఏండ్లతరబడి ఎదురుచూచిన యాత్రలో ఆ తల్లికి జ్ఞాపకముండునది గర్భాలయములోని దివ్యమంగళమూర్తి కాదు, ఆ కేక.

క్షౌరమునకు పిల్లలు ఏడ్చుట క్రొత్త కాదు. సామాన్యముగా ఆ యేడ్పు ఎంతసేపు? చేతిలో లడ్డు ముక్క పెట్టువరకు. ఇచ్చట చెప్పవలసినది వేరొక బాధను గురించి. కొందరికి పుట్టుకతోనే త్వగింద్రియము మిక్కిలి తీక్ష్ణముగా ఉండును. ఇతరులకు తెలియని స్పర్శ వారికి ముల్లువలె తోచును. క్రొత్త చొక్కాకు మెడ వెనుక కుట్టిన చిన్న గుడ్డపట్టీ వారిని దినమంతయు వేధించును. గంజి పెట్టిన పంచె వారికి చీమలు ప్రాకినట్లుండును. తేలికగా తాకిన చేయి గట్టిగా అదిమిన చేతికంటె ఎక్కువ బాధించును. ఇక క్షౌరమందు ఏమేమి జరుగునో గమనింపుడు. చన్నీళ్ళు తలపై పడును. పరిచయము లేని చేయి తల వంచును. చెవి ప్రక్కనే కత్తెర టకటకలాడును, లేదా మిషను రొద చేయును. తెగిన వెంట్రుకలు మెడకు, వీపునకు అంటుకొని గరగరలాడును. వీనిలో ప్రతి యొక్కటియు ఆ బిడ్డకు ఒక పరీక్ష. అన్నియు ఒక్కమారే వచ్చి పడును. పైగా వాని కర్థము కాని జనసమ్మర్దము. ఆటిజము గల పిల్లలలో ఈ లక్షణము తరచుగా కనిపించునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఆటిజము లేనివారిలోను ఇది ఉండవచ్చును. ఏ విధముగానైనను ఇది మొండితనము కాదు, దుష్టగ్రహపీడ కాదు, భక్తిలోపము అసలే కాదు.

ఈ మాట ఆధునికుల మాటయని త్రోసివేయువారు చౌలప్రయోగమును ఒకమారు శ్రద్ధగా చూడవలయును. పుట్టువెంట్రుకలు తీయించు సంస్కారమునకు చౌలమనియు చూడాకరణమనియు పేర్లు. ఆశ్వలాయన గృహ్యసూత్రము దీనిని మూడవ యేట గాని, కులాచారమును బట్టి గాని చేయుమన్నది. అందులో బాలుడు ఎచ్చట కూర్చుండవలయును? పీటపై కాదు, తల్లి ఒడిలో. తండ్రి చల్లని నీటిలో వెచ్చని నీటిని కలుపును. ఆంధ్రదేశమున ఆపస్తంబసూత్రమువారు అధికులు. వారి ప్రయోగములో కొన్ని భేదములున్నను చన్నీటిని వెన్నీటిని కలుపుట అందును కలదు. పసితలపై పడు నీరు ఎంత వెచ్చగా ఉండవలెనో ఆలోచించిన మహర్షులు మనకున్నారు. తరువాత వెన్నను గాని, పెరుగు బిందువులను గాని చేర్చి తల తడుపుదురు. కేశములు మెత్తబడును, కత్తి లాగదు.

ఇంతటితో కాలేదు. వెంట్రుకలకును కత్తికిని నడుమ దర్భలను ఉంచుదురు. ఆ దర్భను ఓషధీ యని సంబోధించి, ఈ బిడ్డను రక్షింపుమని వేడుకొందురు. పిదప కత్తిని తాకించి ఆ కత్తినే సంబోధింతురు: వీనిని హింసింపకుమని. ప్రాణము లేని ఇనుముతో ప్రార్థన యేమిటని నవ్వువారు నవ్వవచ్చును. తండ్రి నోట ఆ మాట పలికించుటలోని అంతరార్థము వేరు. కత్తిని వేడుకొన్న తండ్రి కత్తి పట్టినవానిని తొందరపెట్టడు, బిడ్డను గద్దించడు. ఆ మంత్రము కత్తికంటె ముందు తండ్రికి వినిపించును. చివరకు క్షురకునితో చెప్పవలసిన మాటను కూడ సూత్రకారుడు విడువలేదు: చల్లని వెచ్చని నీటితో చేయవలసినది చేసి, గాయము కాకుండ, క్షేమముగా పని ముగింపుమని. ఒక సంస్కారమందు ఇన్ని చోట్ల అహింస చెప్పబడినదనగా, ఆ సమయమున బిడ్డకు భయమును బాధయు కలుగునని ఋషులు ఎరుగుదురన్నమాట. ఎరిగియు వారు పట్టి అణచుమని చెప్పలేదు. ఒడిని, వెన్నీటిని, వెన్నను, దర్భను, మంచిమాటను చెప్పిరి.

చౌలము వేరు, కొండపై తలనీలాలిచ్చు మొక్కు వేరు. చౌలము సంస్కారము, శిఖ నుంచుట అందలి ఆచారము. తలనీలాలు భక్తులు తమకై తాము చేసికొన్న ప్రతిజ్ఞ. పెక్కిండ్లలో నేడు ఆ రెండును కలసిపోయినవి. కలసినందున తప్పు లేదు. అయితే మొక్కు విషయమున ఒక ప్రశ్న అడుగక తప్పదు: మ్రొక్కినవారెవరు? బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి, వైద్యుడు పెదవి విరిచిన గడియలో, తల్లి కన్నీళ్ళతో పసుపుబట్టలో రూపాయి ముడిచి కట్టినది. మొక్కు ఆమెది. తల మాత్రము వానిది. వాడు మాట ఇయ్యలేదు. ఇచ్చుటకు వానికి మాటలే రాలేదు. ఆ మొక్కు దేనికొరకు? బిడ్డ క్షేమము కొరకు. క్షేమము కొరకు చేసిన ప్రతిజ్ఞను బిడ్డను భయకంపితుని చేసి చెల్లించుట, దాహమునకని త్రవ్విన బావిలో బిడ్డను త్రోయుట వంటిది.

తలనీలాలకు మూలముగా కొండపై పెద్దలు చెప్పుకొను గాథ యాత్రికులకు క్రొత్త కాదు. స్వామి వల్మీకములో ఉండగా రాజుగారి మందలోని గోవు ఒకటి దినదినము వచ్చి అచ్చట పాలు విడుచుచుండెను. అది కనిపెట్టిన గోపాలకుడు కోపించి గొడ్డలి ఎత్తెను. గోవును కాపాడుటకై స్వామి లేచి ఆ దెబ్బను తన శిరస్సున ధరించెను. గాయము మానినను ఆ చోట కేశములు లేకపోయెను. గంధర్వకన్య నీలాదేవి అది చూచి, తన కురులలో కొంత భాగము తానే ఖండించి అచ్చట అమర్చెను. భక్తులర్పించు కేశములు ఆమెకు చెందునని స్వామి వరమిచ్చెను.

ఈ గాథ చెప్పునప్పుడు అందరును నీలాదేవి త్యాగముకడ ఆగుదురు. దానికి ముందున్న ఘట్టముకడ ఆగువారు తక్కువ. తలపై ఇనుము పడుట యెట్టిదో ఆ స్వామికి తెలియును. ఆ దెబ్బ ఆయనకు ఎందుకు తగిలినది? నోరులేని జీవిపై పడబోవు ఇనుమునకు తాను అడ్డు నిలిచినందున. అట్టి దేవుడు నోరు తిరుగని పసివానిని నలుగురు పట్టి అదిమి చేయించిన ముండనమునకై ఎదురుచూచునా? నీలాదేవి కురులను ఎవరును బలాత్కారముగా కోయలేదు. ఆమె చేతిలోనే ఆమె కత్తి యుండెను.

మొక్కు తప్పిన స్వామికి కోపము వచ్చునేమో యను భయము గృహస్థులలో బలముగా కలదు. ఆ భయమును ఎగతాళి చేయరాదు. బిడ్డను పోగొట్టుకొందునేమో యని వణకిన మనస్సునుండి అది పుట్టినది. కాని శ్రీవైష్ణవాచార్యులు భగవంతుని వాత్సల్యమును వివరించునప్పుడు ఇచ్చిన దృష్టాంతము తలచుకొనవలయును. అప్పుడే ఈనిన ఆవు దూడ ఒంటిమీది మాలిన్యమును తానే నాకి తొలగించును. శుభ్రపడి రమ్మని దూడను దూరముగా నిలుపదు. దోషమునే భోగ్యముగా గ్రహించు స్వామి, ఒక బిడ్డ శరీరధర్మమును అపరాధముగా ఎంచునని తలచుట ఆయన గుణమును తక్కువ చేయుటయే. మొక్కు వాయిదా పడవచ్చును. తండ్రి తన తలనీలాలను సమర్పించి, బిడ్డ సంగతి స్వామికే విన్నవించుకొనవచ్చును. స్త్రీలు మూడు కత్తెరలిచ్చుట కొండపై చిరకాలముగా నున్న ఆచారము. మూడు పాయల కొనలు కత్తిరించి ఇచ్చినను అర్పణమే యని పెద్దలంగీకరించిన వెసులుబాటు అది. కత్తి తలకు తాకిన చాలును హడలిపోవు బిడ్డకు ఆ వెసులుబాటు ఏల వర్తింపరాదు? ఇంటి పెద్దలను, పురోహితుని అడిగి నిశ్చయించుకొనవలసినది ఇంతమాత్రమే.

తొందర పడని తల్లిదండ్రుల కథ మన సంప్రదాయమందే ఒకటి కలదు. నమ్మాళ్వారు పుట్టినప్పుడు పాలు త్రాగలేదు, ఏడ్వలేదు, కన్ను తెరువలేదని గురుపరంపర చెప్పుచున్నది. తల్లిదండ్రులు ఆ బిడ్డను కురుకూరిలోని ఆదినాథుని సన్నిధికి తెచ్చి విడిచిరి. చింతచెట్టు క్రింద 16 ఏండ్లు ఆ మౌనము సాగినది. మధురకవి వచ్చి తగిన ప్రశ్న అడిగినప్పుడు గాని నోరు విప్పలేదు. ఆళ్వారుల మౌనము యోగము, పసివాని భయము దేహధర్మము. ఆ రెండింటిని ఒక్కటిగా చెప్పుట అపచారము. అయినను, ఇతర బిడ్డలవలె లేని బిడ్డను చూచి ఆ కన్నవారు కొట్టలేదు, తిట్టలేదు, భగవంతుని చెంత నుంచి వేచియుండిరి. నేర్వవలసినది వారి నుండి.

ఈ బాధ పిల్లలతోనే ఆగునని తలపరాదు. నెలల తరబడి క్షౌరము దాటవేయు యువకులు కలరు. సెలూనులో కూర్చున్నంతసేపు ఎదుట అద్దములో తన ముఖమునే చూచుకొనవలయును. కత్తి పట్టినవాడు ఊరు, ఉద్యోగము, పెండ్లి గురించి అడుగుచుండును. వెనుక బల్లపై వంతు కొరకు కూర్చున్నవారు చూచుచుందురు. సహజముగా బిడియము గలవానికి ఆ అరగంట ఒక యుగము. ఇంటికి వచ్చిన బంధువులు ఇంత జుట్టేమిరా, సన్న్యాసివా అని హాస్యమాడుదురు. వాడు నవ్వి ఊరకుండును. అట్టివానికి తండ్రి పోయిన దుఃఖములో కర్మకాండ కొరకు పదిమంది నడుమ తల వంచవలసి వచ్చినప్పుడు, కన్నీరు ఎందుకు వచ్చుచున్నదో చెప్పుకొనుటకు కూడ వీలుండదు. దగ్గరివారెవరైనను ముందే క్షురకుని ఏకాంతముగా పిలిచి రెండు మాటలు చెప్పి, చుట్టునున్నవారిని ఆవలికి పంపినచో, ఆ ఉపకారము చిన్నది కాదు.

బిడ్డ విషయములో చేయదగిన పనులు కొన్ని ఇంటివద్దనే ఆరంభము కావలయును. యాత్రకు కొన్ని మాసములు ముందుగా, అన్నము తిని సంతోషముగా నున్న వేళ, తల్లియే వాని తలను గట్టిగా, నెమ్మదిగా అరచేతితో ఒత్తుట అలవాటు చేయవచ్చును. కత్తెరను చూపి, దాని చప్పుడు దూరమునుండి వినిపించి, ఒక దినము ఒక వెంట్రుక, మరియొక దినము రెండు. జరుగబోవునది వరుసగా చెప్పవలయును. మోసముచేసి తీసికొని పోరాదు. ఒకమారు మోసపోయిన బిడ్డ మరల ఆ వాకిలి తొక్కడు. కొండపై సమ్మర్దము తగ్గిన వేళ చూచుకొనవలయును. పాతబడి మెత్తనైన తువాలు ఇంటినుండి తెచ్చుకొన్న మంచిది. క్షురకునికి సంగతి చెప్పవలయును. వేలాది తలలు చూచినవాడు, చెప్పిన గ్రహించును. చెప్పకున్న, కొట్టుకొను తలపై కత్తి నడపు భారము ఆయన పైనను పడును. శ్రీవైష్ణవులు మార్జాలకిశోరన్యాయమును శరణాగతికి ఉదాహరింతురు. పిల్లి తన కూనను పండ్లతోనే పట్టును గాని ఒక్క గాటు కూన మెడపై పడదు. బిడ్డను పట్టుకొనక తప్పనిచో పట్టు అట్లుండవలయును. అప్పటికిని వాడు భయపడిన, లేచి వచ్చివేయవలయును.

లేచి వచ్చిన కుటుంబము దర్శనమునకు అనర్హమగునేమో యని సందేహపడువారు కలరు. శ్రీవారి దర్శనమునకు ముండనము నియమము కాదు. ఆ బిడ్డ జుట్టుతోనే తల్లి చంకనెక్కి వరుసలో సాగవచ్చును. బంగారు వాకిలి ముందర వానిని పైకెత్తి స్వామిని చూపవచ్చును.