నోట్లో ఇసుక

జులైలో హిల్స్‌బరోలో ఎండ మండిపోతున్న రోజున బయల్దేరినా, కోస్ట్ రేంజ్ కొండలు దాటి కానన్ బీచ్‌లో కారు దిగేసరికి స్వెటర్లు వెతుక్కోవలసిందే. గంటన్నర దూరంలో రెండు ఋతువులు. ఒరెగాన్ తీరంలో వేసవి గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. అది పైనీటిని తీరం నుంచి దూరంగా తోసేస్తే, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. అందుకే నడివేసవిలో కూడా అక్కడి సముద్రం 10 నుంచి 13 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కాకినాడ వైపు నుంచి మనవడి కోసం వచ్చిన అమ్మమ్మ నీళ్లలో కాలు పెట్టి, పెట్టిన వేగంతోనే వెనక్కి తీసుకుంది. ఆమెకు తెలిసిన సముద్రం గోరువెచ్చన.

మనవడికి ఆ పోలికలేవీ లేవు. వాడికి రెండేళ్లు నిండలేదు. ఉన్ని టోపీ, రబ్బరు బూట్లు, మోకాళ్ల దాకా జాకెట్. ఎదురుగా 235 అడుగుల హేస్టాక్ రాక్ నిలబడి ఉంది. సుమారు కోటిన్నర ఏళ్ల కిందట, ఎక్కడో తూర్పున పుట్టిన లావా వందల కిలోమీటర్లు పారివచ్చి గడ్డకట్టిన నల్లరాయి అది. వాడు దాని వంక చూడలేదు. చిన్న బకెట్‌లో ఇసుక నింపాడు, కుమ్మరించాడు, మళ్లీ నింపాడు. వాళ్ల నాన్న శ్రద్ధగా ఒక గోపురం కట్టి చూపిస్తే ఒక్క తన్నుతో పడగొట్టి, మళ్లీ బకెట్ దగ్గరికే వెళ్లాడు. నలభై నిమిషాలు అదే పని. వేళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది. పెద్దవాళ్లు మనసు పెట్టి చేసే ఏ పనిలోనూ అంత ఏకాగ్రత కనిపించదు.

ఆ పని ఎందుకు? ఆ ప్రశ్న వాడిని అడగలేం. కానీ సరిగ్గా అదే ప్రశ్నను దేవుణ్ణి అడిగినవాళ్లు మన దేశంలో ఉన్నారు.

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో 32వ సూత్రం ఒక అభ్యంతరం లేవదీస్తుంది. ప్రయోజనం లేకుండా ఎవరూ పనికి పూనుకోరు. పరమాత్మకు ఏ కొరతా లేదంటారు. ఏదో కావాలని లోకాన్ని సృష్టించాడంటే ఆ నిండుదనానికి లోటు. ఏమీ అక్కర్లేకుండానే సృష్టించాడంటే అది మతి తప్పినవాడి పని. దీనికి తర్వాతి సూత్రం చెప్పే సమాధానం లీల. అవసరం లేకుండా చేసే పని లోకంలోనూ ఉంది కదా, ఆట లాంటిది, అని. అన్నీ అమరిన రాజు విహారానికి వెళ్లడాన్ని, మనం ఊపిరి తీసి వదలడాన్ని శంకరాచార్యులు ఉదాహరణగా తెచ్చారు. రామానుజాచార్యులు బంతాట ఆడే మహారాజును చూపించారు. శంకరులకు పరమగురువైన గౌడపాదులు ఇంకా నిర్మొహమాటంగా, భోగం కోసమని కొందరూ ఆట కోసమని కొందరూ అంటారు గానీ సృష్టి ఆ దేవుడి స్వభావమే అన్నారు.

రాజుల ఉదాహరణ ఇప్పుడు మనకు అంతగా పట్టదు. ఆడుకునే రాజును మనం చూడలేదు; చూసినా, ఆ బంతికి డబ్బు ఎవరు కట్టారని అడుగుతాం. ఇసుకలో కూర్చున్న బిడ్డ ఇంకా దగ్గరి పోలిక. వాడు నిండుగా ఉన్నాడని కాదు. ఆకలేస్తుంది, చలేస్తుంది, ఏడుస్తాడు. అయినా ఆ బకెట్ దగ్గర వాడికి కావలసినది బయట ఏదీ లేదు. పని వాడికి దారి కాదు, చేరవలసిన చోటే.

ఇదే తీరానికి ఒకప్పుడు ఇంకో చంటిబిడ్డ తల్లి వచ్చింది. 1806 జనవరిలో ఇక్కడి వాగు దగ్గర ఒడ్డున పడ్డ తిమింగలం సంగతి, ఖండం దాటి సముద్రం దాకా వచ్చిన లూయిస్, క్లార్క్ అన్వేషక దళానికి తెలిసింది. శీతాకాలం గడపడానికి వాళ్లు కట్టుకున్న క్లాట్సాప్ కోటలో తిండికి ఇబ్బందిగా ఉంది. క్లార్క్ కొందరిని వెంటబెట్టుకుని బయల్దేరాడు. వెళ్లేసరికే టిలమూక్ జనం మాంసమంతా కోసుకున్నారు. మిగిలిన ఎముకల గూడు 105 అడుగులుందని అతను కొలిచి రాసుకున్నాడు. వాళ్ల దగ్గర సుమారు 300 పౌన్ల కొవ్వు, కొంత నూనె కొని, దైవం పంపిన ఆహారమని కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఆ ప్రయాణంలో సకగావియా కూడా ఉంది. షోషోనీ స్త్రీ, పదకొండు నెలలు నిండబోతున్న కొడుకు తల్లి. ఇంత దూరం నడిచి వచ్చి సముద్రమూ చూడకుండా, ఆ పెద్ద చేపనూ చూడకుండా ఉండిపోవడం అన్యాయమని పట్టుబట్టి మరీ వెళ్లిందని లూయిస్ డైరీలో ఉంది. మిగతావాళ్లు కొవ్వు కోసం వెళ్లారు. ఆమె చూడటానికి వెళ్లింది. దళం అవసరాల లెక్కలో ఆ కోరికకు చోటు లేదు, అయినా ఆ ప్రయాణమంతటిలో గుర్తుండిపోయే కోరిక అదే. లీల అనే మాటకు మనుషుల్లో ఉదాహరణ కావాలంటే ఏ రాజునో వెతకనక్కర్లేదు.

అయితే ఈ మాట మన ఇళ్లలో ఎప్పుడు వినిపిస్తుంది? చాలాసార్లు చావు దగ్గర. అకాల మరణం జరిగిన ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లు, ఇంకేం చెప్పాలో తెలియక, అంతా ఆయన లీల అంటారు. మంచి మనసుతోనే అంటారు. విన్న తల్లికి అది ఎలా తగులుతుందో ఒక్క క్షణం ఆలోచించాలి. తన బిడ్డ ఒకరి ఆటలో పోయాడని చెప్పినట్టే కదా.

కానన్ బీచ్ తీరంలో, చావు కూడా ఆటేనా అన్న ఈ ప్రశ్న పుస్తకంలో ఉండిపోదు. 1964 మార్చి 27, గుడ్ ఫ్రైడే సాయంత్రం అలాస్కాలో 9.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. దానివల్ల పుట్టిన సునామీ ఆ రాత్రి ఒరెగాన్ చేరింది. దక్షిణంగా న్యూపోర్ట్ దగ్గరి బెవర్లీ బీచ్‌లో ఒక కుటుంబం ఆ రాత్రి ఒడ్డునే పడుకుంది. అమ్మ, నాన్న, నలుగురు పిల్లలు, ఇప్పటి ఈ కుటుంబం లాగే సముద్రం చూడటానికి వచ్చినవాళ్లు. నలుగురు పిల్లలూ పోయారు. కానన్ బీచ్‌లో అదే నీరు వాగు మీది వంతెనను ఊడబెరికింది. ఊరికి రాకపోకలు తెగాయి. ఆ దెబ్బ తర్వాత, ఆ ఏడాదే, ఆ ఊరివాళ్లు ఒడ్డున ఇసుక గూళ్ల పోటీ పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆటు సమయంలో తడి ఇసుకతో కోటలూ తిమింగలాలూ కడతారు, పోటు వచ్చి వాటిని చదును చేస్తుంది, జనం చూసి చప్పట్లు కొడతారు.

ఒకే అల. ఒకచోట నలుగురు పిల్లలు, ఇంకోచోట ఇసుక ఆట. రెండింటినీ పక్కపక్కన పెట్టి, చూశారా లీల, అనడానికి నోరు రాకూడదు.

సూత్రకారుడు ఈ ఇబ్బంది ఎరుగనివాడు కాడు. లీల అన్న వెంటనే, 34వ సూత్రంలోనే, దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటగట్టవచ్చు కదా అన్న అభ్యంతరాన్ని తీసుకున్నాడు. అంటే లీల అనేది దుఃఖానికి జవాబని ఆయన అనుకోలేదు. దేవుడికి అవసరం లేదు అన్న ఒక్క సంగతికే ఆ మాట వాడాడు. దుఃఖం వేరే ప్రశ్న, దానికి వేరే సమాధానం: జీవుల కర్మ. శంకరులు వానను ఉదాహరణగా చెబుతారు. వాన అందరికీ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా మొలవడానికి కారణం విత్తనం. తర్కంగా అది గట్టి సమాధానమే. కానీ బెవర్లీ బీచ్‌లో బతికి బయటపడ్డ తల్లిదండ్రుల ముందు నిలబడి, అది మీ పిల్లల విత్తనమని ఎవరు చెప్పగలరు? శాస్త్రం తనకు తాను వేసుకున్న హద్దును దాటించి, పరామర్శ మాటగా వాడటం శాస్త్రానికీ న్యాయం కాదు, ఆ తల్లికీ కాదు.

ఈ తీరపు ఆదివాసులు సముద్రం చేసే ఈ విధ్వంసాన్ని ఆట అనలేదు. 1700 జనవరి 26 రాత్రి ఇక్కడి సముద్రగర్భంలో సుమారు 9 తీవ్రతతో భూమి కదిలింది. తేదీ అంత కచ్చితంగా తెలియడానికి కారణం, ఆ సునామీ జపాన్ తీరాన్ని తాకి అక్కడి రికార్డుల్లోకి ఎక్కడమే. వాయవ్య తీరం పొడవునా తెగల కథల్లో నేల కంపించడానికి, సముద్రం పొంగడానికి కారణంగా థండర్‌బర్డ్ అనే మహాపక్షికీ తిమింగలానికీ జరిగిన పోరు వస్తుంది. పోరు అన్నప్పుడు దెబ్బ తిన్నవాళ్ల నొప్పి కథలోనే ఉండిపోతుంది.

ఇవన్నీ అమ్మమ్మకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కాకినాడ పక్కన ఉప్పాడలో సముద్రం ఏళ్ల తరబడి ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఇళ్లు పోయాయి, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేసినా తెగుతోంది. అందుకే కూతురూ అల్లుడూ ఫొటోల్లో ఉన్నంతసేపూ ఆమె నీటి వైపే తిరిగి కూర్చుంది. ఒరెగాన్ ఒడ్డున పెట్టిన హెచ్చరిక బోర్డులు చెప్పేదీ అదే, సముద్రానికి వీపు చూపించొద్దని. ఉన్నట్టుండి ఒక అల మామూలు గీత దాటి చాలా దూరం పైకి దూసుకొస్తుంది. ఒడ్డున పడి ఉన్న పెద్ద పెద్ద దుంగలను కొద్దిపాటి నీళ్లే ఎత్తి దొర్లిస్తాయి. బోర్డు చదవడానికి ఆమెకు ఇంగ్లీషు రాదు. కొంగు బిగించి, బిడ్డకీ నీటికీ మధ్య కూర్చుంది. పిల్లవాడికి ఆట సాగుతున్నదంటే, ఆడకుండా కాపలా కాస్తున్నవాళ్లు ఒకరున్నారన్నమాట. లీల గురించి రాసిన వ్యాఖ్యానాల్లో ఈ మనిషికి చోటు తక్కువ.

భాగవతంలో ఉంది. కృష్ణుడు మన్ను తిన్నాడని పిల్లలు చెబితే యశోద నోరు తెరవమంది. ఆ నోట్లో ఆమెకు ఆకాశం, దిక్కులు, కొండలు, సముద్రాలు, చివరికి తన వ్రేపల్లె, తనూ కనిపించాయి. బమ్మెర పోతన తెలుగులో చెప్పిన ఈ ఘట్టం ఇక్కడివరకు అందరికీ తెలుసు. తర్వాత జరిగింది చాలామంది చెప్పుకోరు. ఆమె చూసినదంతా మరిచిపోయింది. విష్ణుమాయ కమ్మగానే బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. విశ్వదర్శనం ఆమె దగ్గర నిలవలేదు, ఒళ్లో బిడ్డ నిలిచాడు. మాయ అనగానే దాన్ని తెర అనీ లోపమనీ అనుకోవడం మనకు అలవాటు. కానీ విశ్వమంతా ఆట అని తెలిసినవాళ్లు ఆ బిడ్డకు పాలు పట్టాలని ఎలా గుర్తుంచుకుంటారు? ఆ మరపు లేకపోతే భాగవతంలో అమ్మ ఉండదు.

సాయంత్రం పొగమంచు హేస్టాక్ రాక్ పైభాగాన్ని కప్పేసింది. పోటు మొదలై, నీళ్లు బకెట్ దగ్గరికి వస్తున్నాయి. పిల్లవాడు పిడికెడు ఇసుక తీసి ఈసారి బకెట్‌లో కాకుండా నోట్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, చూడు, తినేస్తున్నాడు!" కూతురు దూరం నుంచి అరిచింది.

"చూస్తున్నానమ్మా" అంటూ అమ్మమ్మ అప్పటికే వాణ్ణి ఎత్తుకుంది. "ఏదీ నాన్నా, ఆ అను... ఆ."

వాడు నోరు తెరిచాడు. ఆమె చూపుడు వేలికి కొంగు చుట్టి, నాలుక మీదా చిగుళ్ల పక్కనా ఉన్న ఇసుకను తుడిచింది. వాడి చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. వాటిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ, నీటి మీంచి చూపు తిప్పకుండానే, వెనక్కి అడుగులు వేస్తూ కారు దాకా నడిచింది.