తలుపు గడియ ఎవరి చేతిలో ఉంది?



డబ్బు కట్టి మరీ నరకానికి విహారయాత్ర వెళ్ళివచ్చేవారు ఉన్నారంటే మీరు నమ్ముతారా? దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, తంబోపాత నది ఒడ్డున, ఇన్ఫియెర్నో అనే పల్లె ఉంది. స్పానిష్ భాషలో ఆ మాటకు నరకం అని అర్థం. ఆ పల్లె ఉన్న ప్రాంతం పేరు మాద్రె దె దియోస్, అంటే దేవమాత. దేవమాత ఒడిలో నరకం! ఈ పేర్లు పెట్టినవారు ఎవరో గాని, చిన్నప్పుడు సత్యోపదేశం సరిగా వినివుండరు.

ఆ పల్లె సంగతి ఈ వారం మీతో ముచ్చటించడానికి కారణం ఉంది. వేసవి సెలవులు వస్తే మన విచారణలలోని కుటుంబాలు కూడా ఇప్పుడు అరకు అనీ, మారేడుమిల్లి అనీ బయలుదేరుతున్నాయి. మంచిదే. అడవిని చూస్తాం. అడవిలోని మనుషులను కూడా చూస్తాం. వారు థింసా ఆడితే పక్కన నిలబడి ఫొటో తీయించుకొంటాం, వచ్చేటప్పుడు చేతిలో ఏదో పెడతాం. నాలుగు డబ్బులు వాళ్ళకు దక్కుతున్నాయిగదా, తప్పేముంది అంటారు ఒకరు. వాళ్ళేమైనా జూలో ఉన్న జీవులా అంటారు మరొకరు. ఈ ఇద్దరిలో ఎవరిది న్యాయం? పైకి చిన్న ప్రశ్నలాగా ఉన్నా, మనిషి అంటే ఎవరు అన్న పెద్ద ప్రశ్న దీని కడుపులో ఉంది.

ఇన్ఫియెర్నో అమెజాన్ వర్షారణ్యంలోని పల్లె. అక్కడి మూలవాసులు ఎసె ఎహా ప్రజలు. వారి భాషలో ఆ పేరుకు నిజమైన మనుషులు అని అర్థం. వెనుకటి శతాబ్దం మొదట్లో రబ్బరు వ్యాపారులు ఆ నదులవెంట వచ్చి, అడవి మనుషులను బానిసలుగా చేసి, రోగాలు అంటించి, ఎందరినో పొట్టన పెట్టుకొన్నారు. 1974లో పెరూ ప్రభుత్వం మూలవాసి సముదాయాలకు భూమిహక్కు ఇచ్చే చట్టం చేసింది. దాని ప్రకారం 1976లో ఇన్ఫియెర్నోకు సుమారు 10,000 హెక్టార్ల మీద ఉమ్మడి పట్టా వచ్చింది. ఈ పట్టా సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దానికే వస్తాను. ఆ పల్లెలో ఎసె ఎహా వారితో పాటు ఆండీస్ కొండలనుండి దిగివచ్చినవారు, నదీతీరాల మిశ్రమ కుటుంబాలవారు కూడా కలిసి ఉంటారు.

1996లో ఆ సముదాయం రెయిన్‌ఫారెస్ట్ ఎక్స్‌పెడిషన్స్ అనే ప్రైవేటు కంపెనీతో 20 ఏళ్ళకు ఒప్పందం చేసుకొంది. సముదాయపు అడవిలో, నివాసాలకు దూరంగా, ఒక అతిథిగృహం కట్టాలి. లాభంలో 60 వంతులు సముదాయానికి, 40 వంతులు కంపెనీకి. నిర్ణయాలు తీసుకోవడంలో మాత్రం సగం సగం. గడువు తీరాక అంతా సముదాయానిదే. 1998లో పొసాద అమజోనాస్ అనే ఆ అతిథిగృహం తలుపులు తెరిచింది. తలుపులు అనడం అలవాటుకొద్దీ అన్నమాట గాని, అక్కడి గదులకు అడవివైపు గోడే ఉండదు! ఊరివారే పడవ నడుపుతారు, వంట చేస్తారు, దారి చూపుతారు. వచ్చిన లాభంలో కొంత కుటుంబాలకు పంచి, కొంత బడి వంటి ఉమ్మడి అవసరాలకు ఉంచుకొంటారు.

ఫలితాలలో మంచివి ఉన్నాయి. అక్కడ హార్పీ గ్రద్ద అని ఒక మహా పక్షి ఉంది. వెనుకటి రోజులలో అది కనబడితే తుపాకీ ఎత్తేవారు. ఇప్పుడు దాని గూడు కనబడితే కాపాడతారు, ఎందుకంటే దానిని చూడడానికి లోకం నలుమూలలనుండి మనుషులు వస్తారు. త్రెస్ చింబాదాస్ అనే చెరువులో పెద్ద నీటికుక్కల కుటుంబం ఉంది. వాటి ప్రశాంతత చెడకుండా పడవలు తిరిగే మేరకు హద్దు పెట్టారు. బాగుంది. కాని గ్రద్ద బ్రతికింది, నీటికుక్క బ్రతికింది అన్నంతమాత్రాన మన ప్రశ్నకు జవాబు దొరికినట్లు కాదు. మనుషుల సంగతి ఏమిటి?

మేము సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజులలో కాంట్ మహాశయుడు మమ్మల్ని బాగా ఏడిపించేవాడు. అయినా ఆయన 1785లో రాసిన ఒక విషయం ఇక్కడ పనికివస్తుంది. ధర ఉన్న వస్తువుకు బదులు ఇంకొకటి పెట్టవచ్చు, బదులు లేనిదానికి ఉండేది ధర కాదు, గౌరవం అని ఆయన భావం. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదు అన్నాడు. ఇందులో ‘కేవలం’ అన్న మాట ముఖ్యం. బస్సు కండక్టరు మనకు ఒక విధంగా సాధనమే. ఆయన టిక్కెట్టు కొడతాడు, మనం ఊరు చేరతాం. అందులో అవమానం లేదు. ఆయన ఆ పనికి ఒప్పుకొన్నాడు, జీతం తీసుకొంటున్నాడు, ఇష్టం లేకపోతే మానుకోగలడు. కాబట్టి అడవిలోని మనిషి అతిథికి వండిపెట్టి డబ్బు తీసుకొంటే తనను తాను అమ్ముకొన్నాడని మనం గుండెలు బాదుకోనక్కరలేదు. పట్నంలో హోటలు నడిపేవారిని మనం అలా అనంగదా! ఆ మాటలో జాలి కనిపిస్తుంది గాని, వాళ్ళకు వ్యాపారం తగదు అన్న చిన్నచూపు కూడా దాగి ఉంది.

ఆ చిన్నచూపుకు ఇంకొక రూపం ఉంది. వచ్చిన అతిథికి ‘అసలైన’ ఆదివాసి కావాలి. తలకు ఈకలు, ఒంటికి రంగులు ఉండాలి. ఇన్ఫియెర్నో కుర్రవాడు ప్యాంటు వేసుకొని ఫుట్‌బాల్ ఆడుతుంటే అతిథి ముఖం చిన్నబోతుంది. మీ అబ్బాయి పంచె కట్టుకోలేదని, పిలక పెట్టుకోలేదని విదేశీయుడొకడు డబ్బు వాపసు అడిగితే మీరు ఏమంటారు? ఫ్రాన్సిస్ పాపుగారు 2020లో అమెజాన్ గురించి రాసిన ఉపదేశలేఖలో, మూలవాసుల సంస్కృతిని కాపాడాలి అంటూనే, దానిని కదలని మెదలని వస్తువుగా గాజుపెట్టెలో బంధించడం తన ఉద్దేశం కాదని స్పష్టంగా చెప్పారు. మారే హక్కు వారికీ ఉంది. ఏది మార్చుకోవాలో, ఏది అట్టిపెట్టుకోవాలో తేల్చుకోవలసింది వారే.

మరి అతిథికీ చొరబాటుదారునికీ తేడా ఎక్కడ ఉంది? నా మటుకు నేను తలుపు గడియలో ఉంది అంటాను. అబ్రహాము మమ్రే వద్ద గుడారపు వాకిట కూర్చుండగా ముగ్గురు బాటసారులు వచ్చారు. ఆయన పరుగెత్తి ఎదురేగి, వంగి నమస్కరించి, రొట్టెలు కాల్పించి, లేత దూడను వండించాడు. మనం ఆయన దయను మెచ్చుకొంటాం. కాని ఆ గుడారం ఆయనది, దూడ ఆయనది, ఆతిథ్యం ఇవ్వడం మానడం ఆయన ఇష్టం. అందుకే అది ఆతిథ్యం అయింది. అదే ముగ్గురు కత్తి చూపించి భోజనం పెట్టించుకొని ఉంటే, వంట అంత రుచిగానే ఉన్నా, దానికి దోపిడి అని పేరు. ప్రభువు 72 మందిని పంపినప్పుడు ఏమి నేర్పారో లూకా సువిశేషంలో మళ్ళీ చదవండి. పెట్టినది తినండి, చేర్చుకొనని ఊరిలో కాలి దుమ్ము దులుపుకొని వచ్చేయండి అన్న భావంతో చెప్పారు. దేవుని వార్త మోసుకొని వెళ్ళేవారికి కూడా తలుపు పగలగొట్టే అధికారం లేదు! కెమెరా మోసుకొని వెళ్ళేవారికి ఎక్కడనుండి వస్తుంది?

ఈ విషయంలో మన శ్రీసభ చరిత్ర మచ్చలేనిదని నేను అనను. 2015 జూలైలో బొలీవియాలో ఫ్రాన్సిస్ పాపుగారే, అమెరికా ఖండపు ఆక్రమణ కాలంలో మూలవాసులపట్ల జరిగిన అపరాధాలకు శ్రీసభ తరపున క్షమాపణ వేడుకొన్నారు.

గడియ లేని ఇల్లు ఎలా ఉంటుందో చూడాలంటే పెరూ వరకు పోనక్కరలేదు. అండమాన్ దీవులలో, మన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి వెళ్ళిన తెలుగువారు ఎందరో స్థిరపడిన ఆ దీవులలో, జరవా అనే వర్షారణ్యపు ప్రజలు కొన్ని వందలమంది మాత్రమే ఉన్నారు. వారి అడవి మధ్యగా ట్రంకు రోడ్డు వేశారు. ఆ భాగాన్ని మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా, ఆ తరువాతి సంవత్సరాలలోనూ యాత్రికుల బండ్లు వరుసకట్టి నడిచాయి. 2012లో, తిండి ఆశచూపి జరవా స్త్రీలచేత నాట్యం చేయించిన వీడియో బయటపడి దేశం సిగ్గుపడింది. ఆ నాట్యం తిలకించినవారు రాక్షసులు కారు. మనవంటి సంసారులే, పిల్లలకు ముచ్చట చూపిద్దామని బయలుదేరినవారే అయివుంటారు. జరవాలకు మాత్రం వద్దు అని చెప్పే చోటు లేకుండా పోయింది. రోడ్డు వేయమని వారు అడగలేదు, టిక్కెట్టు డబ్బు వారికి చేరలేదు, వచ్చేవారి సంఖ్య వారు నిర్ణయించలేదు.

వద్దు అనగల బలం మనిషికి మంచిమాటలవల్ల రాదు, కాలికింద భూమి ఉంటే వస్తుంది. ఇన్ఫియెర్నోవారు కంపెనీతో సమానంగా కూర్చొని బేరమాడగలిగారంటే 1976 నాటి పట్టా వారి చేతిలో ఉండబట్టే. బొర్రా గుహలు చూడడానికి వెళ్ళే మనవారిలో ఎంతమందికి ఒక సంగతి తెలుసో నాకు సందేహం. సమత తీర్పు అని పేరుపడిన కేసు ఆ అనంతగిరి మండలంనుండే పుట్టింది. షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రభుత్వమైనా సరే గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం చల్లగాలికి వెళ్ళే ఆ కొండలమీద ఆదివాసులు తమ తలుపు గడియకోసం కోర్టు మెట్లు ఎక్కవలసివచ్చింది. 

ఎసె ఎహా వారి గడియ కూడా పూర్తిగా వారి చేతిలో లేదు. 1996లోనే పెరూ ప్రభుత్వం ఆ పక్కన ఒక జాతీయ ఉద్యానవనం ఏర్పరచి, దానికి బహుఅహ సొనెనె అని పేరు పెట్టింది. అవి రెండు నదులకు ఎసె ఎహా భాషలో ఉన్న పేర్లు. పేరు వారి భాషలోనిదే, ఆ అడవి తమ తాతల నాటిదని వారు అంటారు, ఉద్యానవనపు అధికారం మాత్రం ప్రభుత్వానిది. అడవిని కాపాడడం పుణ్యకార్యమే. కాని అడవిని మనుషులనుండి కాపాడుతున్నామంటూ, ఇంతకాలం దానిని కాపాడినవారినే బయట నిలబెట్టడం ఏమి న్యాయం? ప్రతివారికి వారికి చెందవలసినది ఇవ్వడమే న్యాయమని పునీత తోమాసుగారు చెప్పిన నిర్వచనం పక్షులకంటె ముందు పొరుగువానికి వర్తిస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఆకలితో ఉన్నవాని ‘సరే’ నిజంగా సరేనా? మాద్రె దె దియోస్‌లో చట్టవిరుద్ధమైన బంగారు తవ్వకాలు వేలాది హెక్టార్ల అడవిని బురదగుంటలుగా మార్చాయి. బంగారాన్ని పట్టే పాదరసం నీటిలో కలిసి, చేపలలో చేరి, చేపలు తినే తల్లుల ఒంటిలోకి వెళుతోంది. 2016లో ఆ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించవలసివచ్చింది. ఇటువంటి చోట యువకునికి అతిథిగృహంలో ఉద్యోగం అంటే బంగారపు గుంటకు బదులుగా దొరికిన దారి. కాని 2020 మార్చిలో కరోనావల్ల పెరూ సరిహద్దులు మూసివేసినప్పుడు అతిథుల రాక ఆగిపోయింది. అతిథిమీదనే పూర్తిగా ఆధారపడితే అదీ ఒక బానిసత్వమే. అప్పుడు చేపల చెరువు, అరటితోట, కసావా దుంపల పొలం ఉన్నవాడు ధైర్యంగా ఉంటాడు. పర్యాటకం పక్కవాయిద్యంగా ఉంటే మంచిది, పాట అంతా అదే అయితే ప్రమాదం.

2018 జనవరి 19న ఫ్రాన్సిస్ పాపుగారు ఈ ప్రాంతపు ముఖ్యపట్టణమైన పుఎర్తో మాల్దొనాదోకు వచ్చారు. అమెజాన్ మూలవాసులు వేలమంది చేరారు. ముందు వారిలోనివారు లేచి తమ బాధలు చెప్పుకొన్నారు, ఆయన విన్నారు. ఆ తరువాతనే మాట్లాడారు. గనులవారిని, కలప వ్యాపారులను మాత్రమే ఆయన తప్పుపట్టలేదు, ప్రకృతిని కాపాడే పేరుతో అడవులను చేజిక్కించుకొని అక్కడి ప్రజలను నలిపివేసే ధోరణిని కూడా ఎత్తిచూపారు. మధ్యాహ్నం ఆ ప్రజల ప్రతినిధులతో కలిసి భోజనం చేశారు. ఆ భోజనం జరిగిన విచారణ కేంద్రం పేరు అపాక్తోనె. స్పెయిన్‌నుండి 1917లో వచ్చి, ఐదు దశాబ్దాలపాటు ఆ నదులవెంట తిరిగిన హోసె ఆల్వరెస్ అనే దొమినికన్ గురువుకు అడవివారు పెట్టిన పేరు అది. వారి భాషలో ముసలి తండ్రి అని అర్థం.