సభలో నీ వంతు

అమ్మాయీ, ప్రమాణ స్వీకారం అయింది. దండలూ శాలువాలూ సర్దేసి ఉంటావు. మన ఇంట్లోంచి లోక్‌సభకు వెళ్లిన మొదటిదానివి నువ్వు. ప్రెస్ గ్యాలరీలో కూర్చుని ఏళ్ల తరబడి ఆ సభను చూసిన పెదనాన్నగా నాలుగు మాటలు చెబుతాను, విను.

సభలోకి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ స్పీకర్ స్థానానికి తలవంచాలి. మాట్లాడుతున్న సభ్యుడికీ స్పీకర్‌కీ మధ్య నుంచి నడిచిపోకూడదు. నియమావళిలో రాసి ఉన్న ఈ సంగతులు నీ వయసువాళ్లకు చాదస్తంగా తోచవచ్చు. కానీ ఆ నమస్కారం కుర్చీలో ఉన్న మనిషి పార్టీకి పెట్టేది కాదు తల్లీ. మన తిరుచానూరు అనంతశయనం అయ్యంగారు, అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి, కోనసీమ బాలయోగి కూర్చున్న కుర్చీ అది. 1967లో స్పీకర్ కాగానే సంజీవరెడ్డి పార్టీ సభ్యత్వాన్నే వదులుకున్నారు. ఎవరికి జవాబు చెబుతున్నా ‘అధ్యక్షా’ అనే మొదలుపెట్టు. కోపం సూటిగా ఎదుటివాడి ముఖాన పడకుండా కుర్చీ మీదుగా వెళ్తుంది, వెళ్లేలోగా కాస్త చల్లారుతుంది.

నీకు ముందుగా ఎదురయ్యే తగాదా ఏ విషయం ముందు, ఏది వెనక అన్నదే. సభా వ్యవహారాల సలహా సంఘంలో ప్రభుత్వం బిల్లులకు టైమ్ అడుగుతుంది, ప్రతిపక్షం చర్చలకు అడుగుతుంది. నువ్వేమో మన జిల్లా సంగతే ముందు రావాలంటావు. అనాలి కూడా, అందుకే జనం నిన్ను పంపారు. అయితే 2018 మార్చిలో జరిగింది మాత్రం ఎప్పుడూ గుర్తుంచుకో.

అప్పుడు ఆంధ్రప్రదేశ్ సభ్యులు ప్రత్యేక హోదా కోసం నిలబడ్డారు. తెలంగాణ సభ్యులు రిజర్వేషన్ల కోసం, తమిళనాడు సభ్యులు కావేరి బోర్డు కోసం నిలబడ్డారు. ఒక్కటి కూడా అల్లాటప్పా కోరిక కాదు. వాళ్లందరి వెనకా లక్షల మంది ఉన్నారు. కానీ అందరూ ఒకేసారి స్పీకర్ ముందున్న వెల్‌లోకి దిగేసరికి ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ఆ గొడవలోనే మార్చి 14న ఏడాది బడ్జెట్ పద్దులన్నిటినీ గిలెటిన్ చేసి, చర్చే లేకుండా ఆమోదించేశారు. రైతు పద్దు, బడి పద్దు, ఆసుపత్రి పద్దు, అన్నీ నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత మనవాళ్లు అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చారు. దాన్ని చర్చకు తీసుకోవాలంటే 50 మంది సభ్యులు లేచి నిలబడాలి, స్పీకర్ లెక్కపెట్టాలి. సభ అదుపులో లేదు, లెక్కపెట్టలేనంటూ స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజూ వాయిదా వేశారు. ఒకరి న్యాయమైన కోరిక ఇంకొకరి న్యాయమైన కోరికకు అడ్డుపడింది. సభ నడిపే బాధ్యత ప్రభుత్వానిదే ఎక్కువన్న మాట నిజమే, ఆ మాట నేను ఎక్కడైనా అంటాను. అయినా నష్టపోయింది అడిగినవాళ్లే.

అలాంటి తీర్మానమే మళ్లీ ఇస్తే, జులై 20న చర్చకు వచ్చింది. తెలుగుదేశం సభ్యుడు గల్లా జయదేవ్ చర్చ మొదలుపెట్టారు. దాదాపు 12 గంటలు సాగింది. 126 ఓట్లకు ఎదురుగా 325 పడి తీర్మానం వీగిపోయింది. అయితేనేం, రాష్ట్ర విభజన నాటి హామీల గురించి దేశమంతా ఒక రోజు కూర్చుని విన్నది. మార్చిలో నినాదాలు సాధించలేనిది అది.

కాబట్టి పక్క రాష్ట్రం సభ్యుడి గోడు ముందు విను. అతని విషయానికి నువ్వు మద్దతుగా లేస్తే, నీ విషయం వచ్చినప్పుడు అతనూ లేస్తాడు.

ఇక హాస్యం. నీకు చిన్నప్పటి నుంచీ మాటకు మాట అంటించే గుణం ఉంది, దాన్ని పోగొట్టుకోకు. చైనా ఆక్రమించిన అక్సాయ్‌చిన్‌లో గడ్డిపరక కూడా మొలవదని నెహ్రూ అన్నప్పుడు ఆయన పార్టీవాడే అయిన మహావీర్ త్యాగి తన బట్టతల చూపించి, ఇక్కడా ఏమీ మొలవదు, దీన్నీ వదిలేసుకోమంటారా అని అడిగారు. చూశావా, అందులో ఎవరి పరువూ పోలేదు. నవ్వు తన తల మీదే, ప్రశ్న మాత్రం దేశపు సరిహద్దు మీద. ప్రతిపక్ష సభ్యుడు పీలూ మోదీ అయితే, ప్రభుత్వాన్ని ఎదిరించేవాళ్లందరినీ సీఐఏ మనుషులంటున్న రోజుల్లో ‘నేను సీఐఏ ఏజెంట్‌ని’ అని అట్ట మీద రాసి మెడలో వేసుకుని వచ్చారు. ఆ ఆరోపణకు అంతకంటే మంచి జవాబు నేనెరగను. ఎదుటివాడి ఒళ్లు, కులం, యాస, ఇంటి ఆడవాళ్లు మాత్రం నీ నోట రాకూడదు. స్పీకర్ ఆ మాటల్ని రికార్డుల నుంచి తీసేయగలరు, విన్నవాడి మనసులోంచి తీయలేరు.

మర్యాద అంటే మెత్తగా మాట్లాడటమని మాత్రం అనుకోకు. 1963 ఆగస్టులో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం మీద రామ్‌మనోహర్ లోహియా లేచి, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని అన్నారు. కాదు, పదిహేనణాలని నెహ్రూ అన్నారు. ఎంత వేడిగా సాగినా ఆ వాదం లెక్కల మీద నడిచింది, పేదవాడి రోజు ఖర్చును దేశం నోట పలికించింది. అంతకు ముందు 1957లో ఫిరోజ్ గాంధీ, ప్రధానికి అల్లుడై ఉండీ, ఎల్‌ఐసీ డబ్బు ముంద్రా కంపెనీల్లోకి ఎలా పోయిందో సభలో నిలదీశారు. మరుసటి ఏడాది ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి పదవి వదలాల్సి వచ్చింది. అరవకుండానే అంత పని చేయవచ్చు, కాగితాలు చదివి ఉంటే.

నువ్వూ చదువు. రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలే లాటరీలో తగులుతాయి, నోటితో జవాబు దొరికేవి అందులోనూ కొన్నే. నీ ప్రశ్న తగిలిన రోజున అనుబంధ ప్రశ్న సిద్ధంగా పెట్టుకో, ఒక్క వాక్యంలో అడుగు. తెలుగులో మాట్లాడాలంటే ముందుగా చెప్పుకో, అనువాదం ఏర్పాటు ఉంది.

తొలి ప్రసంగానికి ఎవరూ అడ్డు తగలకపోవడం అక్కడి ఆనవాయితీ. నీకూ ఆ మర్యాద దక్కుతుంది. తర్వాత ఇంకో కొత్త సభ్యుడు తడబడుతూ లేచినప్పుడు, అవతలి పార్టీవాడైనా సరే, ఆ మర్యాద నువ్వూ ఇవ్వు తల్లీ.