పెద్ద బడిలో చిన్న బాధ్యత

హైదరాబాదునుండి ముంబయి దిశగా పోవు జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దునకు చేరువగానున్న జహీరాబాదు, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ ఒక్క సంతలోనే వినవచ్చు ఈ సీమలో పుట్టిన పిల్లవానికి పరభాషీయులతో కలసి మెలగుట చిన్ననాటనే అబ్బు విద్య. అట్టివాడు తల్లిదండ్రుల వెంట టెక్సాసునకు తరలిపోయినప్పుడు, క్రొత్త భాషకంటె క్రొత్త పాఠశాల వైశాల్యమే వానిని ఎక్కువగా బెదరించును.

జహీరాబాదు సీమలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తరగతి అంతయు ఒక్క గదిలోనే కూర్చుండును; గంట మ్రోగినప్పుడెల్ల సార్లే మారుచుందురు. ప్రార్థనకు వరుసలు తీర్చుటకొకడు, సుద్దముక్కలు తెచ్చుటకొకడు, పంద్రాగస్టునకు తోరణములు కట్టుటకు నలుగురు, ఇట్లు ప్రతివానికి ఏదో ఒక పని ఉండును. రెండు దినములు బడికి రాకున్న, సారు వాని తండ్రిని బజారులోనే నిలిపి కారణమడుగును. అదే టెక్సాసులో, డాలసునకు ఉత్తరముననున్న అలెన్ పట్టణపు హైస్కూలు వంటి చోట విద్యార్థులు వేలసంఖ్యలో నుందురు. పీరియడు మారినప్పుడెల్ల గది మారవలసినవాడు విద్యార్థియే, ప్రక్క కుర్చీలోనివాడును మారుచుండును. 2012లో తెరచిన ఆ పాఠశాల క్రీడాంగణములో 18,000 మంది కూర్చుండవచ్చును.

పెద్ద బడి మేలా, చిన్న బడి మేలా అన్న వివాదము అమెరికాలోను పాతదే. చిన్న ఉన్నత పాఠశాలలు తగినన్ని విషయములు బోధింపజాలవు గావున వానిని కలిపివేయవలెనని విద్యావేత్త జేమ్స్ కోనంట్ 1959లో వాదించెను. 1964లో బార్కర్, గంప్ అను పండితులు కాన్సస్ రాష్ట్రపు పాఠశాలలను పరిశీలించి, పెద్ద బడిలో కార్యక్రమములు అనేకములైనను, చిన్న బడి విద్యార్థులే వానియందు అధికముగా పాల్గొని, బాధ్యతగల స్థానములను వహించుచున్నారని ప్రకటించిరి. ఉభయ పక్షముల మాటయు సత్యమే. పెద్ద బడి అవకాశము నొసగును. చిన్న బడి అవసరము కల్పించును. తాను లేకున్న పని నిలిచిపోవునన్న ఎరుకయే శీలమునకు పునాది. జహీరాబాదు చెంత మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను స్వచ్ఛంద సంస్థ నడపిన ‘పచ్చసాలె’ అను బడిలో చదువుతోపాటు చేతిపనులు నేర్పుటయందును ఈ విశ్వాసమే కానవచ్చును.

కావున విదేశములలోని తల్లిదండ్రులకు నా మనవి యిది. పిల్లవానిని పెద్ద బడిలో చేర్చిన మొదటి మాసములోనే, బ్యాండుగాని, రోబోటిక్సు జట్టుగాని, నాటక బృందముగాని, వాడు రాకున్న వెదకువారుండు చిన్న గుంపులలో నొకదానిలో ప్రవేశపెట్టుడు. మన తెలుగు సంఘములును ఆత్మపరిశీలన చేసికొనవలెను. ఉగాదినాడు పిల్లలచేత నృత్యము చేయించి, చప్పట్లు కొట్టి, మిగిలిన పనులన్నియు పెద్దలమే చేసికొనుట సంస్కృతీబోధ అనిపించుకొనదు. వచ్చు ఉగాదికి వడ్డన, వేదిక, లెక్కల పుస్తకము పదవ తరగతి పిల్లల చేతికిండు. పొరపాట్లు జరుగును, జరుగనిండు.