రెండో గ్రాఫిక్స్ కార్డూ, వామనుడి మూడడుగులూ

ఈసారి ప్రశ్న హయత్‌నగర్ నుంచి వచ్చింది. అడిగిన తమ్ముడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. బ్లెండర్‌లో గుడి గోపురాల యానిమేషన్లు చేసి చిన్న చిన్న ఛానళ్లకి ఇస్తాడు. తన దగ్గర ఆర్‌టీఎక్స్ 3060 ఉంది, 12 జీబీది. అదే కార్డు ఇంకొకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోందట. "అన్నా, ఇప్పుడే రెండోది పెట్టుకోనా, ఆగి తర్వాత పెద్ద కార్డుకి మారనా? డబ్బు నాన్న ఎత్తిన చిట్టీలోది. ఇది అవసరమో కోరికో నాకే అర్థం కావట్లేదు" అన్నాడు.

దీనికీ భక్తికీ ఏం సంబంధం అనుకోకండి. ఆయుధ పూజ రోజు సీపీయూకి బొట్టు పెట్టి, కీబోర్డు మీద పువ్వు పెట్టేవాళ్లమే కదా మనం! పూజించే పనిముట్టు గురించి నిజాయితీగా ఆలోచించడం కూడా పూజే.

ముందు లౌకికం చూద్దాం. గేముల కోసమైతే రెండో కార్డు మాటే వద్దు. రెండు కార్డుల్ని జోడించే ఎస్ఎల్ఐని ఎన్‌విడియా 2004లో తెచ్చింది, 2021 జనవరి 1 నుంచి దానికి కొత్త డ్రైవర్ ప్రొఫైళ్లు చేర్చడం ఆపేసింది. 3060కి అసలు ఆ జోడింపు కనెక్టరే లేదు. బ్లెండర్ కథ వేరు. అక్కడ రెండు కార్డులూ పని పంచుకుంటాయి, రెండర్ టైమ్ బాగా తగ్గుతుంది. కానీ 12 కి 12 కలిస్తే 24 కాదు. మొత్తం సీన్ ఒక్కో కార్డు మెమరీలోనూ విడివిడిగా పట్టాలి. నీ గోపురం 12 జీబీలో పట్టకపోతే, రెండో 3060 పెట్టినా పట్టదు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ అయితే విండోస్‌లో ఒక్క కార్డునే వాడుకుంటుంది. పైగా ఒక్కో 3060 కి 170 వాట్లు. రోజుకి 8 గంటలు ఫుల్ లోడ్ మీద నడిపితే నెలకి దాదాపు 40 యూనిట్లు ఎక్కువ. ఇంటి కరెంటు 200 యూనిట్లు దాటితే స్లాబు మారుతుందని నాన్నకి బాగా తెలుసు. మే నెలలో పై అంతస్తు రూములో ఆ వేడి సంగతి హయత్‌నగర్ వాళ్లకి నేను చెప్పాలా!

ఇప్పుడు అసలు విషయం. భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు బలి చక్రవర్తి దగ్గరికి వస్తాడు. మూడడుగుల నేల అడుగుతాడు, అదీ తన పాదంతో కొలిచి. బలి నవ్వుతాడు, ఇంత చిన్న కోరికేంటి, ద్వీపమే ఇస్తాను అంటాడు. దానికి వామనుడు, మూడడుగులతో తృప్తి లేనివాడికి ద్వీపం ఇచ్చినా తృప్తి ఉండదు అంటాడు. ఇక్కడ నాకు నచ్చేది, కొలత ఇచ్చేవాడి చేతిలో లేకపోవడం. వామనుడు కొలత ముందే నిర్ణయించుకుని వచ్చాడు. మనం? షాపులోకి వెళ్లాక, ఆఫర్ చూశాక, ఈఎంఐ ఎంత వస్తుందో తెలిశాక కొలత తయారు చేసుకుంటాం. (బలి ఇచ్చాడు, ఈఎంఐ వాడు అప్పిస్తాడు. ఆ తేడా కూడా మర్చిపోతాం.)

కామెంట్లలో ఏం రాస్తారో తెలుసు: "మూడడుగులని చెప్పి మూడు లోకాలూ కొలిచాడు కదా!" నిజమే. పాదం పెరిగింది. కానీ లెక్క పెరగలేదు, నాలుగో అడుగు అడగలేదు. నీ పని పెరిగితే నీ పాదం పెరిగినట్టే. అప్పుడు పెద్ద కార్డు కావాలనుకోవడం పాపం కాదు. పాదం పెరగకుండా అడుగులు పెంచుకోవడం దగ్గరే తేడా.

కాబట్టి తమ్ముడూ, ఒక మండలం, 41 రోజులు, నోట్‌బుక్ పెట్టుకో. రెండర్ కోసం ఎన్ని గంటలు ఆగావు, మెమరీ సరిపోలేదన్న ఎర్రర్ ఎన్నిసార్లు వచ్చింది, లేటయినందుకు ఏ ఆర్డరైనా పోయిందా, రాసుకో. మిగిలే గంటలతో ఏం చేస్తావో కూడా రాయి. నిద్రపోతావా, అమ్మతో కూర్చుంటావా, లేక ఇంకో రెండు పెళ్లిళ్లు ఒప్పుకుని మళ్లీ అక్కడికే వస్తావా?

ఇంకో మాట. "ఆగుతాను" అనడం వైరాగ్యం అనుకుంటారు చాలామంది. అన్నిసార్లూ కాదు. 2021లో 3060, 2023లో 4060, 2025లో 5060 వచ్చాయి. ప్రతిసారీ వచ్చేదాని రివ్యూలు చూస్తూ రాత్రుళ్లు గడిపేయడం కూడా తృష్ణే, కాకపోతే పైసా ఖర్చు కాని తృష్ణ. తమాషా ఏంటంటే ఆ 4060, 5060లకి ఉన్నది 8 జీబీయే, నీ పాతదాని కంటే తక్కువ. మెమరీయే నీ ఇబ్బంది అయితే 16 జీబీ కార్డు ఎంత అవుతుందో చూసుకుని, దానికి ఒక గడువు పెట్టుకుని డబ్బు కూడబెట్టు. టైమే ఇబ్బంది, ఆర్డర్లు నిజంగా చేతిలో ఉన్నాయి, సప్లై వాట్లూ బోర్డులో స్లాటూ సరిపోతాయి అంటే రెండో కార్డు ఇప్పుడే తీసుకో. గిల్టీగా ఫీలవ్వకు.

అయితే ఆ చిట్టీ డబ్బు దగ్గర నేను ఆగిపోతున్నాను. బలి ఇచ్చింది తెలియక కాదు. వచ్చినవాడు సాక్షాత్తు విష్ణువనీ, ఇస్తే సర్వం పోతుందనీ శుక్రాచార్యుడు ముందే చెప్పాడు. తెలిసే ఇచ్చాడు, అందుకే అది దానం అయింది. గ్రాఫిక్స్ కార్డంటే ఏంటో తెలియని నాన్నతో "పనికి కావాలి నాన్నా" అని ఒక్క మాట చెప్పి తీసుకుంటే, ఆయన తెలిసి ఇచ్చినట్టు ఎలా అవుతుంది? ఉన్నలాంటిదే ఇంకొకటి కొంటున్నానని, ఇది లేకపోయినా పని ఆగదు, లేటవుతుంది అంతేనని, కరెంటు బిల్లు పెరుగుతుందని, ఆ చిట్టీ దేనికోసం వేశారో నాకు గుర్తుందని, అన్నీ చెప్పు. శుక్రాచార్యుడి పని కూడా నువ్వే చెయ్యి. వద్దంటే వద్దనడానికి ఆయనకి వీలుండాలి.

ఆయన సరే అంటే ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కు, అమీర్‌పేటలో మారి ప్యారడైజ్‌లో దిగు, పార్క్‌లేన్ సీటీసీలో నాలుగు షాపులు తిరుగు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక అందులో వాడిన కార్డులు చాలా సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చాయి. ఫ్యాన్ శబ్దం విను, నీ గోపురం ఫైలే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, వాళ్ల ముందే అరగంట రెండర్ పెట్టి చూడు.